హైవే ఒద్దనండి, బండి ఒద్దనకండి

పోయిన నెల మన ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక తీర్మానం అయిపోయింది. ఇకమీదట ఇలవేలుపు మొక్కుకు ఎవరూ మోటారుబండ్ల మీద రాకూడదు, అందరూ కార్లలో, క్రిష్ణగిరి మీదుగా హైవేలోనే రావాలి అని. పెద్దన్న రాసినారు. గంటలోపల పదిహేడు మంది చేతులు జోడించిన బొమ్మ పెట్టినారు. నేను పెట్టలేదు. చిన్నాయన అలిగినాడని పిల్లలు అనుకున్నారంట. అలక కాదు. ఆ తీర్మానం తప్పు. పెద్దల మాటకు ముఖం ముందర ఎదురు చెప్పేది మన ఇంట్లో అలవాటు లేదు గనక ఇక్కడ రాస్తున్నాను. అన్నా, కోపం చేసుకోకుండా చివరిదాకా చదవండి.

తీర్మానం ఎందుకొచ్చిందో బయట ఊర్లలో ఉండే మనవాళ్ళకు తెలియదు. తమ్ముని కొడుకు హోసూరు నుంచి పలమనేరు అవతల గుడికి బండి మీద బయలుదేరినాడు. ఫోనులో దారి పెట్టుకున్నాడు. ఫోను వాణ్ణి నేరుగా పెద్దరోడ్డు ఎక్కించింది. క్రిష్ణగిరి ఇంకా రాకముందే, ఒక వంతెన దిగే చోట, సర్వీసు రోడ్డు నుంచి ఎదురుమార్గంలో ట్రాక్టరు వచ్చింది. వీడు బ్రేకు వేసినాడు, వెనక లారీ. భుజం ఎముక విరిగింది, ఆరు వారాలు ఇంట్లో పడుకున్నాడు. హెల్మెట్ పగిలింది, తల నిలిచింది. వాణ్ణి ఆస్పత్రిలో చూసిన రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. పెద్దన్న భయం నాకు అర్థమవుతుంది.

అయితే ఆ రోజు జరిగినదాంట్లో బండి తప్పెంత, రోడ్డు తప్పెంత? మనం బండిని శిక్షించి రోడ్డుకు దండం పెట్టినాము. ఇదీ నా ఫిర్యాదు.

లెక్కలు చూడండి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ చెప్పిన ప్రకారం 2022లో మన దేశంలో రోడ్ల మీద చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో నూటికి 44 మంది పైన ద్విచక్ర వాహనాల మీద పోయినవాళ్ళే. "చూసినావా, బండి ప్రమాదమే గదా" అంటారు. ఆగండి. దేశంలో ఉన్న మొత్తం రోడ్లలో జాతీయ రహదారులు నూటికి రెండు పాళ్ళే. చావుల్లో మాత్రం నూటికి 36 ఆ రెండు పాళ్ళ మీదే జరిగినాయి.

దీనికీ ఒక జవాబు ఉంది, అది నేనే చెప్తాను. హైవే మీద జనం ఎక్కువ తిరుగుతారు, కాబట్టి చావులూ ఎక్కువే ఉంటాయి. నిజమే. అందుకని ఇంకో లెక్క కూడా చూడాలి. అదే ఏడాది చావుల్లో నూటికి 70 పైన అతివేగం ఖాతాలో రాసినారు. బండివాడు యాభైలో పోతా ఉంటాడు. పక్కన కారు నూట పదిలో, వెనక లారీ ఎనభైలో. చంపేది ఆ వేగాల మధ్య తేడా. పల్లెరోడ్డులో బస్సూ నలభైలోనే, ట్రాక్టరూ ఇరవైలోనే, మనమూ నలభైలోనే. అక్కడ పడితే మోకాలు చీరుకుంటుంది. ఇక్కడ పడితే మనిషే పోతాడు.

పెద్దరోడ్లు వేసేవాళ్ళకూ ఈ సంగతి తెలుసు. బెంగళూరు-మైసూరు కొత్త రహదారి ప్రధాన మార్గంలోకి 2023 ఆగస్టు 1 నుంచి ద్విచక్ర వాహనాలను రానివ్వడం లేదు. ఈ రోడ్డు మీకోసం కాదని వాళ్ళే బోర్డు పెట్టి చెప్తా ఉంటే, మనం పోయి పోయి అట్లాంటి రోడ్డు మీదికే పిల్లల్ని పంపి, దెబ్బ తగిలినాక బండిని తిడుతున్నాము.

"అందుకే కార్లలో రమ్మన్నాము" అంటారు పెద్దన్న. కార్లు ఎవరికున్నాయన్నా? మీకుంది, నాకుంది. సిప్కాట్‌లో షిఫ్టు డ్యూటీ చేసే మన పిల్లలకు బండే కారు. కారు బాడుగకు తీసుకుని రమ్మంటే రెండేళ్ళకొకసారి వస్తారు, తర్వాత రారు. మొక్కు పెద్దోళ్ళదైపోతుంది. మన తరం తర్వాత ఆ గుడి దారి ఎవరికి తెలుస్తుంది?

ఇప్పుడు రెండో తగాదా, ఫోనుతో. ఫోను మీద నాకు కక్ష లేదు. అడిగినదానికి అది సరిగ్గానే జవాబు చెప్తుంది. మనం "తొందరగా ఎట్లా పోవాలి" అని అడుగుతాము, అది తొందర దారి చూపిస్తుంది. "నెమ్మదిగా, భయం లేకుండా ఎట్లా పోవాలి" అని దాన్ని ఎవరూ అడగరు. గూగుల్ మ్యాప్స్‌లో హైవేలు వద్దు అని చెప్పే మీట ఒకటి ఉంది, మన ఇంట్లో నేను అడిగిన ఆరుగురిలో ఒక్కరూ దాన్ని నొక్కి చూడలేదు. 2017 డిసెంబరు నుంచి మన దేశంలో బండ్లకని వేరే పద్ధతి కూడా పెట్టినారు. అది కూడా నిమిషాల లెక్కే చూస్తుంది. సందు దూరితే రెండు నిమిషాలు కలిసొస్తుందంటే దూరమంటుంది. ఆ సందులో చావిడి ముందర పెళ్ళి పందిరి వేసినారని దానికేం తెలుసు?

అందుకని తెలియని సీమలో సద్దులేని దారి వెతుక్కునేది ఎట్లాగో చెప్తాను. ఇది నేను కనిపెట్టిన విద్య కాదు. సగం నాయన దగ్గర నేర్చుకున్నది, సగం దారి తప్పి నేర్చుకున్నది.

మొదటిది, ముందురోజు రాత్రి ఇంట్లో కూర్చుని పటం చూడండి. భారత సర్వే సంస్థ 1:50,000 కొలత పటాలను 2017లో నక్షే అనే తన పోర్టల్‌లో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అందులో చెరువు, కట్ట, గుట్ట, వాగు, గుడి అన్నీ ఉంటాయి. రోడ్లు కొంచెం పాతవి కావచ్చు, చెరువులూ గుట్టలూ యాడికీ పోవు. ఫోనులో నెట్ లేకుండా పనిచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటాలు కూడా దించుకోండి. గుట్టల మధ్య సిగ్నల్ పోతుంది, అప్పుడే మలుపు వస్తుంది.

రెండోది, కిలోమీటరు రాళ్ళు చదవడం. ఇది మన పిల్లల్లో ఎవరికీ రాదు. రాయి తల పసుపుగా ఉంటే జాతీయ రహదారి. ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి. నలుపో నీలమో ఉంటే జిల్లా రోడ్డు. నారింజ రంగు ఉంటే పల్లెరోడ్డు, చాలావరకు ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో వేసింది. ఆ పథకం 2000 డిసెంబరు 25న మొదలైంది. మా చిన్నప్పుడు ఎద్దులబండి బాటగా ఉన్నవి చాలా ఇప్పుడు తారురోడ్లయింది దానివల్లే. నా లెక్క ఇది: పసుపు కనిపిస్తే దాటి అవతలకు పో, ఆకుపచ్చ మీద కొంచెం దూరం పో, నలుపూ నీలమూ మీద రోజంతా పో, నారింజ మీద అడిగి పో.

మూడోది, బస్సు. ఏ రోడ్డులో పూటకు రెండు బస్సులు పోతాయో ఆ రోడ్డు మనది. బస్సు పోతోందంటే గుంతలు మరీ లోతుగా లేవు, వాగు మీద కల్వర్టు ఉంది, దారిలో టీ అంగడి ఉంది, పంచరు వేసేవాడు ఉన్నాడు అని అర్థం. అసలు బస్సే లేకపోతే ఆ దారి చెరువులో ముగియొచ్చు. పది నిమిషాలకొక బస్సు ఉంటే అది సద్దులేని దారి కాదు. బస్టాండులో పది నిమిషాలు నిలబడి బోర్డులు చదివితే ఏ పటమూ చెప్పని సంగతి తెలుస్తుంది.

నాలుగోది, అడగడం. ఇక్కడే మనవాళ్ళు తప్పు చేస్తారు. బేరికైలో నిలబడి "పలమనేరుకు ఎట్లా పోవాలి?" అంటే ఎవరైనా మిమ్మల్ని హైవేకే పంపిస్తారు. దూరపు ఊరు అడిగితే పెద్దరోడ్డే చెప్తారు, అది వాళ్ళ మర్యాద. తర్వాతి ఊరు అడగండి. "మాస్తికి ఎట్లా పోవాలప్పా?" అనండి. మాస్తిలో బూదికోట అడగండి. కారువాణ్ణి అడగొద్దు. పాలక్యాను కట్టుకున్న బండివాణ్ణి అడగండి. ఏ రోడ్డు నిన్న తవ్వినారో, ఏ కట్ట మీద నీళ్ళు పారుతున్నాయో అతనికే తెలుసు. "దగ్గరే" అంటే నమ్మొద్దు, ఎన్ని ఊర్లు దాటాలి అని అడగండి. ఇద్దరిని అడిగి, ఇద్దరూ ఒకే ఊరు పేరు చెప్తేనే తిరగండి.

ఈ పద్ధతిలో హోసూరు నుంచి పలమనేరుకు నేను పోయే దారి ఇది. బాగలూరు, బేరికై, అక్కడ ఎల్ల దాటి మాస్తి, బూదికోట, కోలారు బంగారు గనుల ఊరు, బేతమంగళ, వి.కోట, పలమనేరు. ఇది ఒక్కటే దారి అనడం లేదు. మధ్యలో ఎన్నో చీలికలున్నాయి, వానాకాలం ఒకటి, ఎండాకాలం ఒకటి. పెద్దరోడ్డు కంటే టైము ఎక్కువ పడుతుంది. నేను తెల్లవారి ఆరింటికి బయలుదేరి మధ్యాహ్నం భోజనానికి పలమనేరు చేరుతాను, దోవలో మూడుసార్లు టీ తాగి.

ఆ దారిలో ఏముంది అంటారా? బాగలూరు చుట్టుపక్కల రోజాపూల తోటలు. మాస్తి అనే పేరు మహాసతి రాళ్ళ వల్ల వచ్చింది. 1983లో జ్ఞానపీఠం అందుకున్న మాస్తి వెంకటేశ అయ్యంగారి ఊరు అదే. బూదికోట హైదర్ అలీ పుట్టిన ఊరని చెప్తారు. బంగారు గనులు 2001లో మూతపడినాయి. మట్టి తోడి పోసిన తెల్లటి దిబ్బలు కొండల మాదిరి ఇంకా నిలబడి ఉన్నాయి. బేతమంగళ దగ్గర పాలారు చెరువు. ఆ పాలారు కర్ణాటకలో పుట్టి, చిత్తూరు జిల్లాలో కొంచెం దూరం పారి, తమిళనాడులోకి పోతుంది. మనమూ దాదాపు అట్లాంటి వాళ్ళమే, మూడు రాష్ట్రాల మనుషులం.

ఇవన్నీ ఒక ఎత్తు. నాకు ముఖ్యమైంది వేరే ఉంది. ఆ దారి పొడుగునా బోర్డులు మొదట తమిళంలో ఉంటాయి, తర్వాత కన్నడంలో, చివరికి తెలుగులో. నోర్లు మాత్రం ఎల్ల దాటినట్టే ఉండదు. బేరికైలో టీ అంగడామె "ఏమప్పా, యాడికి పోతా ఉండారు?" అంటుంది. బూదికోట అవతల పంచరు వేసే ముసలాయన అదే మాట అంటాడు. వి.కోటలో టమాటా బుట్టలు ఎత్తేవాడూ అదే. 1953లో, 1956లో ఢిల్లీలో గీతలు గీసినారు, బడి భాషలు మారినాయి, ఈ మాట మారలేదు. మన పిల్లలకు తెలుగు బడిలో లేదు, ఇంట్లో సగమే ఉంది. "మనం తెలుగోళ్ళమని చెప్పుకుంటే నవ్వుతారు" అని ఒక మనవరాలు నాతో అన్నది. ఆ పిల్లను నేను ఈ దారిలో వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయినాను. మూడో టీ అంగడికి ఆ పిల్లే దిగి దారి అడిగింది, తెలుగులో. హైవే మీద టోల్‌గేటు దగ్గర ఎవరితో ఏ భాష మాట్లాడుతారు?

మన వంశం చరిత్ర రాయాలని ఈ బ్లాగులో ఎన్నో ఏండ్లుగా పాత దస్తావేజులు, పెళ్ళి పత్రికలు, ఫోటోలు పెడుతున్నాము. మంచిదే. అయితే మన పెద్దలు ఆ దస్తావేజుల్లో బతకలేదు, ఈ దారుల్లో బతికినారు. నాయన ఎద్దుల సంతలకు తిరిగినాడు. మొదట నడిచి, తర్వాత సైకిలు మీద, చివర రాజ్‌దూత్ మీద. హోసూరు నుంచి పలమనేరు దాకా ఊర్ల పేర్లు ఎక్కం మాదిరి ఒప్పగించేవాడు. ఏ ఊర్లో బావి నీళ్ళు తీపి, ఏ ఊర్లో పొద్దుగూకితే ఆగకూడదు, ఎవరింట్లో సంగటి పెడతారు, అన్నీ. నేను రాసుకోలేదు. ఎప్పుడైనా అడగొచ్చులే అనుకున్నాను. ఆయన పోయినాక చూసుకుంటే నాకు సగమే వచ్చు. మిగిలిన సగం ఇప్పుడు ఊరూరూ అడిగి అతికించుకుంటున్నాను. అన్నా, మీకు ఆ ఎక్కంలో కొన్ని పేర్లు నాకంటే బాగా తెలుసు. మీరు ఆయన వెనక ఎక్కువ తిరిగినారు. ఆ పేర్లు తెలిసిన మీరే ఆ దారి మూసేస్తే ఎట్లా?

మూడో తగాదా మన పిల్లలతోనే. చిన్నరోడ్డు మంచిదంటే ఎగిరి గంతులేసి, పది మంది గుంపు కట్టి, సైలెన్సరు మార్చుకుని, పల్లె మధ్యలో డబడబమని పోయేవాళ్ళను చూసినాను. వాళ్ళకు నా మాటలో చోటు లేదు. ఆ రోడ్డు మన ఆట కోసం వేసింది కాదు. అది ఆ ఊరివాళ్ళ నడవ. ముసలివాళ్ళు రోడ్డు పక్కనే మంచం వేసుకుంటారు, మేకలు అడ్డం వస్తాయి, బడి పిల్లలు చేతులు పట్టుకుని వరుసగా పోతారు. నలుగురికి మించి వద్దు. ఊరు వస్తే ఇరవై. హారన్ మలుపులోనే. మనుషులను అడగకుండా ఫోటో తీయొద్దు. మన సద్దు తీసుకుపోయి సద్దులేని రోడ్డు మీద పోస్తే ఆ రోడ్డు ఇంక ఎవరికీ ఉండదు.

చిన్నరోడ్డులో ప్రమాదమే లేదని నేను అనను. అట్లా అంటే నా వాదం అబద్ధమవుతుంది. రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి. కోతల కాలంలో రాగి, ఉలవ రోడ్డు మీద పరుస్తారు, వచ్చిపోయే బండ్లు తొక్కితే నూర్పు అవుతుందని. దాని మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది, బ్రేకు వదిలి నేరుగా, మెల్లగా దాటాలి. వాన వచ్చినాక కట్ట మీద ఎర్రమట్టి సబ్బు మాదిరి. పలమనేరు, కుప్పం మధ్య కౌండిన్య అభయారణ్యం ఉంది. 1980లలో మన హోసూరు వైపు అడవుల నుంచే ఏనుగులు అక్కడికి పోయి నిలిచినాయి. కాబట్టి వి.కోట దాటినాక పొద్దుగూకే లోపల పలమనేరు చేరాల్సిందే. ఆస్పత్రి దూరం. ఒంటరిగా పోయేవాళ్ళు ఏ ఊరు దాటినారో ఇంటికి చెప్తా పోవాలి. ఒంట్లో బాగాలేనప్పుడు, రాత్రిపూట, తుఫాను వానలో బండే వద్దు, బస్సు ఎక్కండి. ఆ మాట వరకు పెద్దన్నతో నాకు తగాదా లేదు.

ఇంకొక మాట. 2022లోనే హెల్మెట్ లేక చనిపోయినవాళ్ళు 50 వేల మంది పైన. అందులో 14 వేల మందికి పైగా వెనక కూర్చున్నవాళ్ళు. మన ఇంట్లో ముందువాడు పెట్టుకుంటాడు, వెనక కూర్చునే ఆడవాళ్ళకు "పూలు నలుగుతాయి" అని వదిలేస్తాము. నిషేధించాలంటే ముందు దాన్ని నిషేధించండి.

కాబట్టి అన్నా, తీర్మానం ఎత్తేయమని అడగడం లేదు, మార్చమని అడుగుతున్నాను. నేను రాసిన తీర్మానం ఇది. మొక్కుకు బండ్ల మీద రావచ్చు. పసుపు రాయి ఉన్న రోడ్డు మీద మాత్రం రాకూడదు, దాటడానికి తప్ప. నలుగురికి మించి గుంపు వద్దు. ఇద్దరికీ ఐఎస్ఐ గుర్తు హెల్మెట్. పొద్దు పొడిచినాకే బయలుదేరాలి, పొద్దుగూకే లోపల చేరాలి. మొదటిసారి వచ్చేవాళ్ళ ముందర నా బండి ఉంటుంది, బాధ్యత నాది.

తమ్ముని కొడుకు భుజం అతుక్కుంది. మొన్న వచ్చి, "చిన్నాయనా, ఈసారి నీతో వస్తా" అన్నాడు. వాళ్ళమ్మ నా ముఖం చూసింది. ఆమెకు నేను జవాబు చెప్పుకోవాలి, అందుకే ఇంత రాసినాను. అన్నా, పదిహేడు దండాలు వెనక్కి తీసుకోమని ఎవరినీ అడగను. మీరు ఒక్క పని చేయండి. నాయన చెప్పిన ఊర్ల పేర్లు మీకు గుర్తున్నవి ఒక కాగితం మీద రాసి పంపండి. బేరికై నుంచి మాస్తి దాకా నా దగ్గర రెండు పేర్లు తగ్గుతున్నాయి.